ప్రార్థన గ్రూపులో పరిశోధన

మా చర్చి సంఘం ఆడవాళ్ళ ప్రార్థన గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. టీచరుగా రిటైరై మండవల్లిలో ఊరికే కూర్చున్నదాన్ని కదా, ఆ పని నాకు అంటగట్టారు. ఫోన్లో తెలుగు టైపు చేయడం మావాళ్ళకి చేతకాదు, నాకు విసుగు. అందుకని అందరం వాయిస్ మెసేజీలే పెట్టుకుంటాం. తెల్లవారేసరికి ఒకరు మోకాళ్ళ నొప్పి గురించి, ఒకరు జబ్బు తగిలిన రొయ్యల చెరువు గురించి ప్రార్థన అడుగుతారు. విన్నవాళ్ళు గొంతుతోనే ‘ఆమెన్’ అని పంపుతారు. కుక్కర్ కూతతో సహా పంపే మహాతల్లులున్నారు. వెక్కిరిస్తానే గానీ, ఆ గొంతులు వినకపోతే నాకు కాఫీ దిగదు.

ఆ గ్రూపులోకి నా పాత విద్యార్థినిని తీసుకొచ్చాను. ఏలూరులో నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. పల్లెల్లో ఆడవాళ్ళు ఫోన్లో ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారన్నది ఆమె పరిశోధన. లెక్కలు కట్టే పని కాదట, వాళ్ళ మధ్యే ఉండి, విని, అర్థం చేసుకునే పనట. నాకు భలే ముచ్చటేసింది. మా ఇంట్లోనే దిగింది. నేను వండిన కొరమీను పులుసు లొట్టలేసుకుంటూ తింది. ఆదివారం చర్చిలో అందరితోపాటు చాప మీద కూర్చుని, “మీ గొంతులు నేను తప్ప ఎవ్వరూ వినరండీ. పేర్లు కూడా రాయను” అని మాటిచ్చింది.

అందరూ సరేనన్నారు. మా పక్కింటామె మాత్రం నా దగ్గరికొచ్చి, “నేను మాట్లాడేవి కూడా వింటుందా అండీ, టీచరుగారూ?” అని అడిగింది. ఈమె కైకలూరు దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. భర్త చేపల చెరువుల మీద కాపలా. అంతకు ముందు ఏడాది వాళ్ళ చిన్నపిల్ల ఆ చెరువుల్లోనే ఒకదాంట్లో పడి చనిపోయింది.

“వింటే ఏమైందమ్మా, ఆ పిల్ల నా కూతురే అనుకో” అన్నాను.

కొన్నాళ్ళకి ఒక ఉదయం ఆమె మెసేజీ వచ్చింది. “గట్టు మీద నడుస్తుంటే నాక్కూడా ఆ నీళ్ళలోకి దిగిపోవాలనిపిస్తుందండీ. మా ఆయనకి తెలీదు. తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడండీ, ఆ రోజు కాపలా ఉంది తనే కదా. నాకోసం ప్రార్థన చేయండి.”

అందరం ఆమెన్ అన్నాం. అంతటితో ఊరుకోలేదు. షెడ్డుకి వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు ఆమెతో కలిసి గట్టు దాటేవాళ్ళు. నోట్లో నువ్వుగింజ నానని మావాళ్ళు ఆ ఒక్క మాట మాత్రం మొగుళ్ళకి కూడా చెప్పలేదు. ఆమె భర్త చెవిన పడకూడదని అందరికీ తెలుసు. మెల్లగా ఆమె మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.

ఈమధ్య ఏలూరులో ఒక కాలేజీలో సెమినార్ పెట్టి, ఆ పిల్ల నన్ను పిలిచింది. ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను. ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. నా విద్యార్థిని స్టేజీ మీద ఇంగ్లీషు, తెలుగు కలిపి దంచేస్తుంటే పొంగిపోయాను. ఇంతలో స్పీకర్లలోంచి మా పక్కింటామె గొంతు వచ్చింది. “గట్టు మీద నడుస్తుంటే...” మొత్తం వినిపించింది. “నాకోసం ప్రార్థన చేయండి” అనగానే అలవాటుకొద్దీ నా నోట్లోంచి గట్టిగా ‘ఆమెన్’ అని వచ్చేసింది.

హాలంతా నావైపు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల మెరిసే కళ్ళతో, “చూశారా! గొంతు మనుషుల్ని ఎలా కలుపుతుందో ఇప్పుడే మీ ముందు జరిగింది” అంది. వెనక వరసలో మా ఊరి డిగ్రీ పిల్లలిద్దరు గొంతు గుర్తుపట్టినట్టు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

శాలువా కుర్చీలోనే వదిలేసి, వరండాలో ఆ పిల్లని పట్టుకున్నాను. “ఎవ్వరూ వినరన్నావు కదమ్మా.”

“పేరు తీసేశాను కదా టీచర్. ఊరు కూడా చెప్పలేదు. ఆ గొంతు వినిపించకపోతే ఆ బాధ వీళ్ళకెలా తెలుస్తుంది?”

“వీళ్ళకి తెలియాలని ఆమె ఎప్పుడు అడిగింది?”

లోపల ఎవరో పిలిస్తే, “ఒక్క నిమిషం టీచర్” అని వెళ్ళిపోయింది. నా చేతి అన్నం తిని, నా ఇంట్లో పడుకుని, నన్ను నమ్మినవాళ్ళ గొంతు కోసి వెళ్ళింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ డిగ్రీ పిల్లలకంటే ముందు ఊరు చేరాలని బస్సెక్కాను. మా పక్కింటామె కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. రాత్రి కాపలాకి వెళ్ళే భర్త లోపల నిద్రపోతున్నాడు. గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పాను. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని విన్నది.

“అంతమంది విన్నారు కదండీ, నాకోసం ఎవరైనా ప్రార్థన చేశారా?”

“లేదమ్మా. రాసుకున్నారు.”

గిన్నె బోర్లించి లేచి, ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, “నన్ను గ్రూపులోంచి తీసెయ్యండి టీచరుగారూ, నాకెలాగో తెలీదు” అంది. తీసేశాను. “ఇంకొకళ్ళు చెప్పేలోగా నేనే చెప్పుకుంటానండీ” అని, చేతులు కొంగుకి తుడుచుకుని, భర్తని లేపడానికి లోపలికి వెళ్ళింది.