ఒక్క రన్‌కు మొక్కుకున్న జుట్టు

మా చిన్నప్పుడు... ఓ ఆదివారం మధ్యాహ్నం, నాన్న వేసిన వంకర జడతో బేస్‌బాల్ చూడటానికి వెళ్ళాను.

నాకప్పుడు పదేళ్ళు. మిషిగన్‌లో, నోవైలో ఉండేవాళ్ళం. నాన్న ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంట చేసేవారు. అమ్మా నాన్నా బడి మొహం చూడలేదు. ఇంట్లో ఇంగ్లిష్ వచ్చింది నాకొక్కదానికే... అందుకే అమ్మ ఆసుపత్రిలో చేరినప్పుడు డాక్టర్ మాటలు నాన్నకు తెలుగులో చెప్పింది నేనే. సోమవారం పొద్దున గుండెకు ఆపరేషన్. మనిషి దక్కవచ్చు, దక్కకపోవచ్చు... అదీ నా నోటితోనే చెప్పాను. ఏడుపు రాలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశాను.

టిక్కెట్లు రెస్టారెంట్‌కు వచ్చే ఒక అంకుల్ ఇచ్చారు. మేం వద్దనుకున్నాం. అమ్మే తరిమింది.

"ఇక్కడ కూర్చుని నా మొహం చూసి ఏం చేస్తారు? పిల్లదాన్ని కాస్త బయట తిప్పుకు రా" అంది నాన్నతో.

డెట్రాయిట్ స్టేడియంలో బాగా పై వరుస. ఒళ్ళో ఫాయిల్‌లో చుట్టిన పులిహోర. ఆట గురించి మా ఇద్దరికీ తెలిసింది ఇంతే... కొట్టినవాడు మూడు మూలలూ చుట్టి బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒక రన్.

తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో మూడోదానికే అవతలివాళ్ళు ఆరు రన్‌లు కొట్టేశారు. మనవాళ్ళకు, అంటే డెట్రాయిట్‌కు, సున్నా.

మా ఇంట్లో ఏ కష్టమొచ్చినా అమ్మ వెంకన్నకు తలనీలాలు మొక్కుకునేది. నేనూ కళ్ళు మూసుకుని అదే మొక్కాను. స్వామీ... మనవాళ్ళు ఒక్క రన్ కొడితే, అమ్మను ఇంటికి పంపుతున్నావని గుర్తు. నా జుట్టంతా నీకే.

నడుం దాటే జుట్టు నాది. ఒక్క రన్‌కు దేవుడు కాదనడులే అనుకున్నాను.

ఏడో ఇన్నింగ్స్‌కు మా చుట్టూ కుర్చీలు ఖాళీ అయ్యాయి. నాన్న లేచారు.

"పద బుజ్జీ. వాళ్ళు పద్నాలుగు కొట్టారు. ఇక వీళ్ళేం గెలుస్తారు?"

"గెలవక్కర్లేదు నాన్నా. ఒక్కటి కొడితే చాలు."

నాన్న నా వైపు చూసి, మళ్ళీ కూర్చున్నారు.

ఎనిమిదోదాంట్లో మనవాడొకడు మూడో మూల దాకా వచ్చాడు. నేను జడ గట్టిగా పట్టుకున్నాను. తర్వాతివాడు ఎత్తుగా కొట్టాడు... గోడ దగ్గర ఎవరో పట్టేశారు, ఆ ఇన్నింగ్స్ అక్కడితో సరి. ఆఖరిది, తొమ్మిదోదాంట్లో మనవాళ్ళు ముగ్గురూ వచ్చినట్టే ఔటై వెనక్కి వెళ్ళారు. పద్నాలుగు, సున్నా.

నాకేమీ అనిపించలేదు. కార్‌లో నాన్న ఆకలేస్తోందా అని అడిగితే లేదన్నాను. అమ్మ ఇక లేదని లోపల ఎక్కడో తేలిపోయింది... అంతే.

మర్నాడు ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళకు అమ్మ ఇంటికొచ్చింది. సోఫాలో కూర్చోగానే దువ్వెన తెమ్మంది.

"ఆ జడేంటే, ఎలక కొరికినట్టు? మీ నాన్న వంటకు తప్ప దేనికీ పనికిరాడు."

వంటగదిలో నాన్న నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నారు. అమ్మ చేతులు నా జుట్టులో మెల్లగా కదులుతున్నాయి. నేను రాయిలా కూర్చున్నాను. మాట్లాడవేమని అడిగితే తలనొప్పిగా ఉందన్నాను. నేను ఆమెను ఆ స్టేడియంలోనే పోగొట్టుకున్నాను... తిరిగొచ్చిందని నమ్మడానికి చాలా రోజులు పట్టింది.

నాకు బేస్‌బాల్ అంటే ప్రాణమని నాన్న ఆ ఆదివారమే నిర్ణయించేసుకున్నారు. ఆ తర్వాత ప్రతి వేసవీ తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను.

ఇప్పుడు ఇంటికి దూరంగా, హెర్న్‌డన్‌లో ఉద్యోగం. స్కోర్ ఫోన్‌కే వస్తుంది, ఎవరూ ఆఖరి దాకా కూర్చోనక్కర్లేదు. జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నాను. వీడియో కాల్‌లో అమ్మ దానికే తిడుతుంది. నేను వింటూ ఉంటాను.

మీరూ చిన్నప్పుడు ఇలాంటివి మొక్కుకున్నారా? అడిగిన గుర్తు కనబడకుండానే, కోరుకున్న మనిషి తిరిగొస్తే... ఆ మొక్కు ఏం చేశారు?