దిగని స్టేషన్

అంబులెన్సు కోసం జనం చేసే ఫోన్లు అందుకునే గదిలో ఆమెది తొమ్మిదేళ్ల ఉద్యోగం. అవతలివాళ్లు ఎంత గావుకేకలు పెట్టినా ఆమె గొంతు పిసరంత కూడా పైకి లేవదు. "ముందు ఊపిరి తీసుకోండి. ఇల్లెక్కడో చెప్పండి. ఇప్పుడాయన్ని పక్కకి తిప్పండి." ఒక్కోసారికి ఒక్క పనే చెబుతుంది. కొత్తగా చేరినవాళ్లను ఆమె పక్కన కూర్చోబెట్టి పని నేర్పిస్తారు. తోటివాళ్లు ఆమెకు 'ఐసక్క' అని పేరు పెట్టేశారు.

ఇంటికొస్తే ఆ ఐసు కరిగి నీళ్లయ్యేది. ఏడేళ్ల కూతురు, నాలుగేళ్ల బుడ్డోడు, తొమ్మిది నెలల చంటిది. ముగ్గురితో వీధి చివరి దుకాణానికి వెళ్లొచ్చేసరికే తలప్రాణం తోకకొచ్చేది. అలాంటిది, తమ్ముడు కొత్త ఇంట్లోకి మారి, వారం రోజులు ఉండేట్టు రమ్మన్నాడు. రైల్లో ఐదున్నర గంటలు.

ఐసక్క పదిహేను రోజుల ముందే కాగితం ముందేసుకుంది. ఎన్నింటికి పాలు, ఎన్నింటికి బిస్కెట్లు, ఎవరి బట్టలు ఏ సంచిలో. దిగాల్సిన స్టేషన్లో రైలు ఆగేది రెండే రెండు నిమిషాలు. కాబట్టి నాలుగూ నలభైకి అందరూ ఒంటికి వెళ్లొచ్చెయ్యాలి. ఐదింటికి చెప్పులు. ఐదూ పదికి సామాను తలుపు దగ్గర. ఐదూ ఇరవైకి దిగడం. భర్త అది చూసి, "యుద్ధానికా మనం వెళ్లేది?" అని నవ్వాడు. తీరా బయల్దేరే రోజు పొద్దున్నే పెద్ద మంచినీళ్ల పైపు పగిలిందని ఆఫీసు నుంచి కబురొచ్చి, ఆ నవ్విన మనిషి కాస్తా పరిగెత్తాల్సి వచ్చింది.

"పోనీ రేపు వెళ్దామా?" అన్నాడు గుమ్మంలో.

పిల్లలిద్దరూ అప్పటికే సంచులు తగిలించుకుని మెట్ల మీదున్నారు. "నేను తీసుకెళ్తాలే, నువ్వు రేపొచ్చెయ్," అంది.

నాలుగున్నర దాకా అంతా కాగితం మీద ఉన్నట్టే నడిచింది. సరిగ్గా అప్పుడే చంటిది ఒళ్లో నిద్రపోయింది. కదిలిస్తే దిగేదాకా ఒకటే రాగం. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూనే ఐదు దాటిపోయింది.

"అమ్మా, ఒంటికి," అన్నాడు బుడ్డోడు.

"అక్కతో వెళ్లు. తొందరగా."

రెండు నిమిషాలకి కూతురు పరుగున వచ్చింది. "అమ్మా, వాడు నన్ను రానివ్వకుండా లోపల గడియ పెట్టేసుకున్నాడు. ఇప్పుడది రావట్లేదంట!"

ఐసక్క చంటిదాన్ని ఎదుటి సీటు పెద్దావిడ ఒళ్లో పెట్టి పరిగెత్తింది. లోపలి నుంచి ఏడుపు. రెండు చేతులా తలుపు బాదింది. "తియ్యి! గడియ లాగు! లాగరా!" ఏడుపు ఇంకా పెరిగింది. ఫోన్లో ఎవరైనా ఇలా అరిస్తే తనేమంటుందో ఆమెకు తెలుసు. తెలిసినా గొంతు అదుపులోకి రాలేదు.

నలుగురు పోగయ్యారు. ఒకాయన తలుపుకి భుజం ఆనించి నెట్టాడు. ఇంకొకాయన, "తన్నేద్దామా?" అన్నాడు.

"తన్నొద్దు! వాడు తలుపుకి ఆనుకునే ఉన్నాడు!"

టికెట్లు చూసే ఆయన వచ్చి, మెకానిక్ చివరి పెట్టెలో ఉన్నాడని, తీసుకొస్తానని పరిగెత్తాడు. కిటికీ బయట గోదాముల గోడలు మొదలయ్యాయి. రైలు నెమ్మదించింది.

"అమ్మా, పెద్దపిల్లనీ పాపనీ దింపేసి, స్టేషన్‌కి మీవాళ్లెవరైనా వచ్చుంటే అప్పజెప్పండి," అన్నాడు భుజం ఆనించిన ఆయన. "రెండు నిమిషాలు చాలు. బాబు సంగతి తర్వాత చూడొచ్చు."

ఆ మాట ఆమెను నిజంగానే లాగింది. చంటిదానికి కాచిన పాలు, తమ్ముడి ఇల్లు, వేడి నీళ్లు, మంచం, అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. కానీ తమ్ముడు ఏ పెట్టె దగ్గరున్నాడో! తను దిగి వెతికేలోపు రైలు కదిలితే? కూతురు ఆమె చీర కుచ్చిళ్లు గుప్పిట్లో పట్టుకుంది. "వాడు లేకుండా నేను దిగను."

రైలు ఆగింది. ఐసక్క ఫోన్ తీసింది.

"అక్కా, ఎక్కడున్నావ్? నేను ఇంజన్ వైపు నించున్నా!"

"మేం దిగట్లేదురా."

"అదేంటక్కా? ఇదే స్టేషన్!"

"తెలుసు. బుడ్డోడు బాత్రూంలో ఇరుక్కున్నాడు. తర్వాతి స్టేషన్లో దిగుతాం."

రైలు కదిలింది. తమ్ముడు పెట్టె పక్కనే పరిగెత్తుతూ కిటికీల్లోకి తొంగి చూస్తూ వెనకబడిపోయాడు. ఆమె అటు చూడలేదు. తలుపు ముందు నేల మీద చతికిలబడింది. తర్వాతి స్టేషన్‌కి గంట. ఇక తరిమేదేదీ లేదు. గొంతు దానంతటదే అదుపులోకి వచ్చింది.

"నాన్నా, అమ్మ ఇక్కడే కూచుంది. నీ ముక్కు తుడుచుకో ముందు."

లోపల వెక్కిళ్లు. "తుడుచుకున్నా."

"గడియకి చిన్న గుండు ఉంది చూడు. దాన్ని పట్టుకో. లాగకు, ఊరికే పట్టుకో."

కూతురు ఎదురుగా ఉన్న బాత్రూంలోకి దూరింది. ఐసక్క తటాలున కాలు చాచి ఆ తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టింది. "నువ్వూ గడియ పెట్టావంటే చంపేస్తా!"

"పెట్టనమ్మా, చూస్తున్నా. ఇదీ అలాంటిదే. గుండుని ముందు పైకి లేపాలి, అప్పుడే జరుగుతుంది. బయట్నుంచి తలుపు నెడితే మాత్రం గడియ కన్నంలో బిగుసుకుపోతుంది!"

ఐసక్క తల తిప్పి చూసింది. భుజం ఆనించిన ఆయన ఇంకా ఆనించే ఉన్నాడు.

"బాబూ, మీరు తలుపు వదిలెయ్యండి. నెట్టకండి, పిడి పట్టుకుని మీ వైపుకి లాగి ఉంచండి." తర్వాత నెమ్మదిగా, "నాన్నా, గుండు పైకి లేపు."

"లేపా."

"ఇప్పుడు పక్కకి జరుపు."

టక్కుమంది. తలుపు సందులోంచి కన్నీళ్లతో తడిసిన మొహం బయటికొచ్చింది. "రైలు ఆగింది కదా, మనమెందుకు దిగలేదు?" అన్నాడు వాడు.

ఆమె వాణ్ణి ఒళ్లోకి లాక్కుంది. ఊడిన చెప్పు తొడగబోతే పట్టీ ఎంతకీ పడలేదు. కూతురే వంగి పెట్టింది. అప్పుడొచ్చాడు మెకానిక్, రొప్పుతూ, చేతిలో స్క్రూడ్రైవర్‌తో.

తర్వాతి స్టేషన్లో వాళ్లకి తెలిసిన నరపురుగు కూడా లేదు. సామాను దింపడానికి పెట్టెలో సగంమంది చేతులు వేశారు. చంటిదానికి పాలు పట్టి, మిగిలిన బిస్కెట్లు బెంచీ మీద పంచుకుని కూర్చున్నారు. పొద్దుగూకే వేళకి తమ్ముడు కారులో వచ్చాడు, జుట్టంతా చెదిరిపోయి.

"ఏరా, మీ అమ్మని ఇంత హడలగొడతావా?"

"తలుపు నేనే తీశా మామయ్యా," అన్నాడు బుడ్డోడు.

కూతురు ఏదో అనబోయి తల్లి మొహం చూసింది.

"అవున్రా, వాడే తీశాడు. గడియ ఎలా పనిచేస్తుందో అక్క కనిపెట్టింది," అంది ఐసక్క, చంటిదాన్ని భుజానికెత్తుకుంటూ. "పద, ఆకలేస్తోంది."