సున్నా వచ్చిన సంతోషం

పరీక్షలో సున్నా వస్తే తిడతావా అవ్వా అని మొన్న ఫోన్లో అడిగావు కదా చిన్నీ. తిట్టను. సున్నా వచ్చిందని సంతోషపడిన పిల్లను ఒమన్‌లో చూశాను నేను.

అప్పుడు మస్కట్‌లో ఒకరింట్లో వంట చేసేదాన్ని. ఒకసారి బురైమి నుంచి బస్సులో తిరిగి వస్తుంటే, పక్క సీట్లో ఒక తెలుగు పిల్ల ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఏం పాపా, ఇంట్లో అందరూ బాగుండారా?” అన్నాను.

“బాగున్నారు ఆంటీ. నేనే తప్పు చేశాను.”

వాళ్ళ యూనివర్సిటీలో పరీక్ష రాసేటప్పుడు కాపలా ఎవరూ ఉండరట. పేపరు చివర ‘నేను ఎవరిదీ చూసి రాయలేదు’ అని సంతకం పెడితే చాలట. ఈ పిల్ల పక్కమ్మాయిది ఒక్క జవాబు చూసి రాసి, సంతకమూ పెట్టేసింది. మనసు ఒప్పక ఆ పొద్దున తనే మేడమ్‌కు మెసేజ్ పెట్టింది. చదువు మాన్పించి పంపేస్తారేమోనని ఇప్పుడు భయం.

దారిలో సోహార్ ఊరు దాటాక ఆ పిల్ల ఫోన్ మోగింది, మేడమ్ చేసింది. మాట్లాడినంతసేపూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పంపించరంట ఆంటీ. ఆ పేపరుకు సున్నా వేస్తారంట, అంతే” అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

నాకూ ప్రాణం కుదుటపడింది. సంచిలోని ఖర్జూరాలు తీసి ఇద్దరం తిన్నాం.

మస్కట్‌లో దిగబోతుంటే ఒక్క మాట అడిగాను. బస్సు మోతలో వినపడలేదో, వినపడే నవ్విందో, చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

“ఇంతకీ ఆ చూసి రాసిన జవాబన్నా కరెక్టేనా పాపా?”