అక్క రాసిన ఇంగ్లీషు అర్జీ

నా చిన్నప్పుడు నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా అవ్వ అనేది. అరవై దాటినా ఆ కోపం అక్కడి నుంచి దిగలేదు. మొన్న ఆత్మకూరులో మా ఇంట్లోనే, భోజనాల దగ్గర, మా తమ్ముడి మనవరాలు యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం, రచన చదువుతానని చెప్పింది. మా తమ్ముడు పెరుగన్నం కలుపుకుంటూ, "కథలు సదివేదానికీ, కథలు రాసేదానికీ డిగ్రీ ఏంది పాపా? పనిలేనోళ్ళ సదువు అది" అన్నాడు. నేను కంచం ముందు నుంచి లేచి, వాడు పుట్టినప్పటి నుంచీ అననన్ని మాటలు ఆ ఒక్క పూటలో అన్నాను. పిల్ల చేరుతుంది, ఆ సంగతి అప్పుడే తేలిపోయింది. అంత కోపం ఎందుకో మాత్రం వాడికి అర్థం కాలేదు. అందులో సగం వాడి మీద కాదు. అది ఎవరి మీదో ఇప్పుడు చెబుతాను.

మా ఊరు సీతారామపురం నుంచి కొండల వైపు పోతే వస్తుంది. రోజుకు ఒక బస్సు, అదీ వస్తే వచ్చినట్టు. పక్కింటి అక్క మా ఊళ్ళో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల. నెల్లూరులో బీఏ అయ్యాక తిరుపతిలో ఇంగ్లీషు ఎమ్మేలో చేరింది. అది ఏం చదువో ఊరికి అంతుపట్టలేదు. ఇంగ్లీషులో ఉన్నవన్నీ ఆమెకు తెలిసి తీరాలని అందరి నమ్మకం. సెలవులకు వస్తే చాలు, మందు సీసాలూ, పంపుసెట్టుతో వచ్చిన కాగితాలూ పట్టుకుని వాళ్ళ అరుగు మీదకు చేరేవాళ్ళు. మోటారు కాగితం తనకూ అర్థం కాలేదని ఆమె అంటే, మరి ఇన్నాళ్ళూ ఏం చదివినట్టని మొహం మీదే అడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అక్క నవ్వి ఊరుకునేది.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. సాయంత్రాలు అక్క దగ్గర కూర్చుంటే ఇంగ్లీషు కథలు చదివి తెలుగులో చెప్పేది. చెప్పి ఊరుకోదు. ఈ కథ ఎవరు చెబుతున్నారు, కథలో ఉన్న పనిమనిషి చేత ఒక్క మాటైనా ఎందుకు మాట్లాడించలేదు, ఆమే చెబితే కథ ఎట్లా ఉండేది అని అడిగేది. యూనివర్సిటీలో తాను నేర్చుకుంటున్నది అదేనంది. ఆ పనిమనిషి చేత మాట్లాడించడానికి నేను రకరకాల మాటలు కల్పించేదాన్ని.

ఆ వేసవిలో అక్క మొదటి సంవత్సరం పూర్తిచేసి వచ్చింది. రెండో సంవత్సరానికి పంపాలా వద్దా అనేది వాళ్ళ పెదనాన్న చేతిలో ఉంది. ఆయన్ను ఊరంతా పెద్దాయన అనేవాళ్ళు. అక్క వాళ్ళ నాన్న నెమ్మది మనిషి, న్యాయం తెలిసినవాడు. కానీ అన్న మాట దాటి ఎరగడు.

మా చెరువు కట్ట కింద పది పదిహేను గుడిసెలు ఉండేవి. నీళ్ళున్నప్పుడు చేపలు పట్టుకుంటూ, లేనప్పుడు కూలికి వస్తూ తరాలుగా అక్కడే ఉన్న వాళ్ళు. ఆ జాగాలో నిమ్మతోట పెట్టాలని పెద్దాయనకు బుద్ధి పుట్టింది. ఆ గుడిసెల వాళ్ళు తమ ఇష్టంతోనే జాగా వదిలి కొండ పక్కకు పోతామంటున్నట్టు కలెక్టరుకు ఒక అర్జీ రాయమని అక్కను పిలిచి చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను.

"తెలుగులో రాస్తే అడుగున పడేస్తారు. ఇంగ్లీషయితే పైన పెడతారు. అదీగాక, ఇంగ్లీషు కాగితాన్ని సదివించుకునేదానికి వాళ్ళకెవురుండారు?" అన్నాడు. ఆ తర్వాత మాట నిదానంగా అన్నాడు. "రాసిచ్చినావంటే రెండో సంవత్సరానికి నేనే బస్సెక్కిస్తా. లేదంటే ఈడనే ఉండు అమ్మాయ్."

అక్క రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. మూడో రోజు కూర్చుని రాసింది. పెద్దాయన చెప్పిందానికి సరిగ్గా ఎదురు రాసింది. మా తాతల నుంచీ ఇక్కడే ఉన్నాం, ఈ జాగా వదలం, మమ్మల్ని లేపొద్దని వేడుకుంటున్నాం అని. రాసి, ఒక్కో వాక్యం నాకు ముందు ఇంగ్లీషులో చదివి, తర్వాత తెలుగులో చెప్పి, రెండూ తప్పు లేకుండా అప్పజెప్పేదాకా వదల్లేదు. చేపలకని చెప్పి నన్ను గుడిసెల దగ్గరికి పంపింది. ఎవరి పేరు మీద రాస్తామో వాళ్ళకు అందులో ఏముందో తెలియకపోతే, మంచి రాసినా అది దొంగతనమేనంది. నేనింత వరకూ ఏ తరగతి గదిలోనూ ఇంతకన్నా పెద్ద మాట వినలేదు.

గుడిసెల్లో ఒక అవ్వ నా ఎదుట గొంతుక్కూర్చుని రెండుసార్లు చెప్పించుకుంది. "బాగుండాది. అయితే పాపా, రెండుసార్లు గుడిసెలు కాలిపొయినాయి, బూడిద ఎత్తిపోసి మళ్ళా ఈడనే కట్టుకున్నామని గూడా రాయమని చెప్పు. అది లేకపోతే మా కాగితం ఎట్లయితాది?" అంది. ఆ ఒక్క వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి అక్కకు ఒక పూట పట్టింది. రాయడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం. బూడిద అన్న మాట దగ్గర మూడు కాగితాలు చించింది. కథలు చదవడం పనిలేని వాళ్ళ పని అనే వాళ్ళని ఆ పూట తెచ్చి ఆ అరుగు మీద కూర్చోబెట్టాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

వేలిముద్రల రోజు గుడిసెకు ఒకరు వచ్చి పెద్దాయన అరుగు కింద నిలబడ్డారు. అక్క ఇంగ్లీషులో అర్జీ అంతా పైకి చదివింది. పెద్దాయన కళ్ళు సగం మూసుకుని, తల ఊపుతూ విన్నాడు. "ఇంగ్లీషంటే అట్లుండాల" అన్నాడు. గుడిసెల వాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి తలొంచుకుని ముద్ర వేశారు. ఆ అవ్వ వేలు కాగితం మీద పెట్టి, తీయకుండా కాసేపు అట్లాగే నొక్కింది. చివర్లో పెద్దాయన సాక్షిగా వంకీలు తిప్పి సంతకం చేశాడు. ఎమ్మే చదివే పిల్ల రాసిన ఇంగ్లీషును ఇంకొకరికి చూపించాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

సంగతి బయటపడేలోపు తాను తిరుపతిలో ఉంటానని అక్క అనుకుంది. కానీ ఆమె బయలుదేరాల్సిన రోజుకు నాలుగు రోజుల ముందే ఉదయగిరి నుంచి ఆఫీసరు జీపులో వచ్చాడు. ఊరందరి ముందూ అర్జీని తెలుగులో చదివి వినిపించాడు. పేదవాళ్ళ తరఫున ఇంత పెద్ద మనిషి సాక్షి సంతకం చేయడం తాను ఎక్కడా చూడలేదని పెద్దాయనకు దండం పెట్టాడు. గుడిసెలు కదలవని చెప్పి వెళ్ళాడు. పెద్దాయన తిరిగి దండం పెట్టాల్సి వచ్చింది. అది చూసి నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా లేదు.

ఆ సాయంత్రం అక్క వాళ్ళ నాన్న ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. మా నాయన పెద్దాయన పొలాన్నే కౌలుకు చేసేవాడు. అక్క వాళ్ళ నాన్న మా నాయన ఎదుటే నన్ను పిలిచి కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ గుడిసెలోళ్ళకి తెలిసే ఏలిముద్రలు ఏసినారా, తెలీకుండా ఏసినారా? నిన్ను పంపి చెప్పించినానని మా అమ్మాయి అంటా ఉండాది. వాళ్ళనే అడుగుదామంటే మా అన్నకి తెలుస్తాది, వాళ్ళకి కూలి పోతాది. అందుకని నిన్ను అడుగుతుండా. తెలిసే ఏసినారంటే మా అన్న కాళ్ళు పట్టుకోనైనా నా బిడ్డను పంపిస్తా. తెలీకుండా ఏయించినాదంటే, ఆయన చెయ్యబోయిందీ ఇది చేసిందీ ఒకటే. చెప్పు పాపా, ఆ కాగితంలో ఏముండాదో నీకు తెలుసునా?"

మా నాయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది.

"నాకు తెలీదు చిన్నాయనా. నాకు ఇంగ్లీషు రాదు" అన్నాను.

ఆయన లేచి వెళ్ళిపోయాడు. అక్క తిరుపతి పోలేదు. అన్న అడ్డుపడినందుకు కాదు, తన కూతురు చదువు రానివాళ్ళను మోసం చేసి, పైగా ఒక పిల్ల పేరు చెప్పి అబద్ధమాడిందని నమ్మినందుకు. ఆయన ఆ తర్వాత ఆమె మాట ఏదీ పూర్తిగా నమ్మలేదని మా అమ్మ అనేది. పెద్దాయన మీద నాకు కోపం ఉంది. మా నాయన మీద ఉంది. గుడిసెలు నిలిచాక అక్క ఏమైందని అడగని ఊరి మీద ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా, ఆ రోజు అక్క వాళ్ళ నాన్న ఎదుట కూర్చున్న ఆ ఎనిమిదో తరగతి పిల్ల మీద ఉంది. చిన్నపిల్లవి, భయపడ్డావు అని ఎవరైనా సర్దిచెబితే వాళ్ళ మీద కూడా కోపం వస్తుంది.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. వారం తర్వాత, రేపటి నుంచి రోజూ సాయంత్రం పుస్తకాలు తెచ్చుకోమని కబురు పంపింది. వింజమూరుకు కాపురానికి వెళ్ళేదాకా నాకు ఇంగ్లీషు నేర్పింది. ఆమె వదిలేసిన చదువునే, అదే యూనివర్సిటీలో, నేను పూర్తి చేశాను. పాసయ్యానని చెప్పడానికి వింజమూరు పోతే, చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ ఉంది. నా మొహం వైపు చూడకుండానే అడిగింది.

"ఇప్పుడు చెప్పు. ఆ కాగితంలో ఏముండాదో నీకు తెలుసునా?"

మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఇంగ్లీషులో అప్పజెప్పాను. ఎక్కడా ఆగలేదు. బూడిద వాక్యం దగ్గర కూడా తడబడలేదు. అక్క గింజలు తీయడం ఆపి అంతా విన్నది.

"మా నాయన ఉన్నప్పుడు ఒక్కసారి ఈ మాట చెప్పుంటే బాగుండేది మే" అంది.

ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ అర్జీ నాకు ఈ రోజుకీ కంఠతా వచ్చు. బతికున్నన్నాళ్ళూ ఆయన రోజూ మా ఇంటి ముందు నుంచే పొలానికి పోయేవాడు.