వేపబంక నానేదాకా

ఈ ఉదయం చాంద్రాయణగుట్టలో మా ఇంటి ముందు నిలిపిన క్యాబు దగ్గరికి వెళ్లేసరికి, బానెట్టు మీద వేపబంక చుక్కలు తేనెరంగులో మెరుస్తున్నాయి. తడిగుడ్డ పరిచి, వేళ్లకు కొబ్బరినూనె రాసుకున్నాను. ఆ వాసనకు అందరికీ తలంటు గుర్తొస్తుందేమో, నాకు మాత్రం రాజమణి అక్క గుర్తొస్తుంది.

అక్క సర్కారు దవాఖానాలో ఆయాగా చేసి రిటైరయింది. ఇల్లు ఫలక్‌నుమా స్టేషన్ వెనక బస్తీలో. చనిపోయినవాళ్లను శ్మశానానికి చేర్చడానికి బస్తీవాళ్లంతా కలిసి ఒక పాత తెల్ల వ్యాను కొని, దాన్ని ఆమె చేతిలో పెట్టారు. నేను దాని డ్రైవర్ని. అక్క ఇంటిముందు వేపచెట్టు కింద తప్ప దాన్ని నిలపడానికి చోటు లేదు. కాకిరెట్టలు, పండ్ల గుజ్జు, ఎండి రాయిలా బిగిసిన బంక, అన్నీ దాని మీదే. కబురొచ్చిన ప్రతిసారీ అవన్నీ పోతే గానీ అక్క బండి కదలనిచ్చేది కాదు.

మొదటిరోజు నేను బ్లేడు తీస్తే చెయ్యి పట్టుకుంది. "పుండుకు అతుక్కున్న పట్టీని గుంజి పీకుతరా తమ్మీ? నానబెట్టి తీస్తరు. రంగు గూడ తోలు అసొంటిదే." ముందు నీళ్లు పోసి దుమ్ము కడిగించింది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన పాత నూలుచీర ముక్కను బంక మీద వేసి, దాని మీద అరచెయ్యి పెట్టి కదలకుండా కూర్చుంది. అది మెత్తబడ్డాక నూనె రాసి వేలితో మెల్లగా తిప్పితే, బంక ఊడి వచ్చింది. రంగు మీద గీత కూడా పడలేదు. సబ్బునీళ్లతో జిడ్డు తీయడం నా వంతు. పోయినవాళ్లకు ఈ సింగారం దేనికని లోపల విసుక్కుంటూనే తుడిచేవాణ్ణి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, స్టేషన్‌లో మూటలు మోసే ఒక హమాలీ చనిపోయాడు. బండి ఇంకా రాలేదేమని అతని కొడుకు మండిపడుతూ వచ్చాడు. "మా బాపును ఎండల పండవెట్టినం. మీరు గీడ బండి తుడుసుకుంట కూసున్నరా?"

అక్క తల ఎత్తి అతన్ని చూసింది. "మీ బాపు ఎన్నడన్న కారెక్కిండా బేటా?"

"ఎక్కలే. మంది కార్ల డిక్కీలల్ల సామాన్లు వెట్టిండు."

"మరి మొదటిపారి ఎక్కుతుండు. మాసిన బండి తెస్తనా?"

అతను అక్క చేతిలో గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూ తుడుస్తూ బానెట్టు మీద తల ఆనించి భోరుమన్నాడు. నేను బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత నేను మళ్లీ విసుక్కోలేదు.

అక్క భర్త యాదగిరి బావ పోయిన రోజు మాత్రం, ఇవాళ్టికి ఈ పట్టింపు ఉండదనుకున్నాను. పొద్దు వాలుతోంది. చీకటి పడకముందే దహనం కావాలని పెద్దలు తొందరపెడుతున్నారు. నేను పైపైన తుడిచి తాళం తిప్పబోతుంటే అక్క లోపలినుంచి వచ్చింది. బానెట్టు మీద అరచెయ్యి వేసి నెమ్మదిగా తడిమింది. ఒకచోట ఆగింది.

"ఇంక నానలే తమ్మీ."

"ఇయ్యాల పోనియ్యి రాజమణీ," అన్నాడు ఒక పెద్దాయన. "పొద్దు గూకుతుంది."

ఆమె గుడ్డ తడిపి బంక మీద వేసి, దాని మీద చెయ్యి పెట్టి నిలబడింది. "జిందగంత నాతోటి బస్సులల్ల నిలవడే తిరిగిండు," అంది. "ఇయ్యాల పండుకోని పోతుండు. జర ఆగుర్రి."

అంతమందీ ఆగారు. అంత దుఃఖంలో అంత నిదానం నేను మరే మనిషిలోనూ చూడలేదు. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. బంక మెత్తబడ్డాక ఆమే తిప్పి తీసింది, ఆమే తుడిచింది. చీకటి పడకముందే చేరుకున్నాం కూడా.

ఇప్పుడు అక్క సైదాబాద్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ఆ వ్యాను వేరేవాళ్లు నడుపుతున్నారు. నేను క్యాబు తీసుకున్నాను, ఎక్కేవాళ్లంతా బతికున్నవాళ్లే, పైగా అందరికీ తొందరే. ఈ ఉదయం కూడా ఫోన్ మోగింది. "ఏడున్నవన్నా, ఇంక రాలే?" అని ఎవరో పెద్దావిడ గొంతు.

"వస్తున్నమ్మా, జర ఆగు," అన్నాను. గుడ్డ మీద పెట్టిన అరచెయ్యి తీయలేదు. ఎక్కబోయే ఆమెకు ఇదే మొదటిసారేమో, నాకేం తెలుసు.