నేను కలిపిన కంటిమందు

పదకొండేళ్ళుగా ఈ మాట నా గొంతు దాటలేదు. భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్నెరగరు కనుక.

అప్పట్లో నేను కోవిల్‌పట్టిలో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో కాంపౌండరును. కళ్ళకు చీము పట్టకుండా, పుట్టిన ప్రతి బిడ్డ కళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసేవారు. ఆ నీళ్ళలో మందు నూటికి ఒక పాలే ఉండాలి. మాకు వచ్చే సీసాలో నూటికి రెండు పాళ్ళుండేది. దానికి అంతే నీళ్ళు కలిపితే చాలు. ఏళ్ళ తరబడి చేతికి అలవాటైపోయిన పని. ఆ వారం మాత్రం నూటికి పది పాళ్ళ సీసా వచ్చింది. పది ఔన్సులు తయారు చేయాలంటే అందులోంచి ఒక్క ఔన్సు తీసి, తొమ్మిది ఔన్సుల నీళ్ళు పోయాలి. నాకు ఆ లెక్క రాదా? వచ్చు. సీసా మీది చీటీ చదవలేదు. అయిదూ అయిదూ కలిపేశాను.

మరునాడు పొద్దున ఒక ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని సుబ్బక్క చుక్కలు వేసింది. మధ్యాహ్నానికి పసిదాని కళ్ళు వాచి మూసుకుపోయాయి. పరుగెత్తి వెళ్ళి చీటీ చూశాను. అయిదింతల ఘాటు! కలిపిన మందంతా పారబోసి, సీసా కడిగి, సరైన పాళ్ళలో మళ్ళీ కలిపి అక్కడే పెట్టాను. భయంతో చేశానని ఇన్నాళ్ళూ నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. భయపడ్డవాడికి సీసా అంత శుభ్రంగా కడగాలని ఎలా తోచింది?

సుబ్బక్కది మా నాగలాపురమే. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"తమ్ముడా, ఆ మరుందు సరిగానే కలిపినావు గదా?"

"సరిగానే కలిపినానక్కా."

"అట్లయితే నా చేతిలోనే ఏదో తప్పుండాది."

నన్ను నమ్మింది. డాక్టరమ్మకూ అదే మాట చెప్పింది. ఆమెను పనిలోంచి తీసేశారు. పాప ఎడమ కన్ను తేరుకుంది. కుడి కంట్లో తెల్లటి పొర నిలిచిపోయింది.

నేను విరుదునగర్‌లో వేరే పని చూసుకున్నాను. సుబ్బక్క మళ్ళీ ఎవరి కాన్పూ చేయలేదట. ఎంత బతిమాలినా, "నా చెయ్యి మంచిది కాదు" అనేదట.

పోయిన ఏడు, చెప్పేద్దామని నాగలాపురం వెళ్ళాను. ఆమె పోయి మూడు నెలలైందని చెల్లెలు చెప్పింది. ఆ చెల్లెలికైనా చెప్పవచ్చు కదా? ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

ఆ పిల్ల కయత్తారులో పెరుగుతోందని తెలుసు. ఇంకా వెళ్ళలేదు. వెళతానని మాట ఇచ్చే ధైర్యం కూడా లేదు. సుబ్బక్క ఏ తప్పూ చేయలేదు, చేసింది నేను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.