నేడీన్ చేతిలో రెండు రాజులు

నేడీన్‌కి పేకాటంటే ఒళ్ళుమంట. అయినా గురువారం మధ్యాహ్నం అయ్యేసరికి ఓడెల్ దాణా కొట్టు వెనక గదిలో, పోయిన మొగుడి కుర్చీలో వచ్చి కూర్చునేది. ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే ఇంట్లో ఏసీ చెడిపోయిందనేది. ఏసీ బ్రహ్మాండంగా పనిచేసేది.

ఆ కుర్చీ వెర్లిన్‌ది. పశ్చిమ టెక్సస్ చమురు బావుల దగ్గర ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి. ఒకసారి తవ్వే యంత్రం నుంచి విరిగిపడ్డ ఉక్కు పన్నొకటి జేబులో వేసుకొచ్చాడు. ఆటలో తన ముక్కలు కదలకుండా వాటిమీద దాన్ని బరువుగా పెట్టుకునేవాడు. ఓడెల్ గదిలో ఒక కట్టుబాటుంది. ఎవడి ఆఖరి పందెం బిళ్ళ నువ్వు గెలుచుకుంటావో, వాడు ముక్కలమీద పెట్టుకునే బరువు కూడా నీదే. పోగొట్టుకున్నవాడు మళ్ళీ ఆటలోనే గెలుచుకోవాలి. అడగకూడదు, ఇవ్వకూడదు.

వెర్లిన్ ఆ పన్నుని తోటి ఆటగాడు క్లైడ్‌కి పోగొట్టుకున్నాడు. అదీ చేతిలో రెండు రాజులు పెట్టుకుని! తిరిగి గెలిచేలోగా ఊపిరితిత్తుల జబ్బు అతన్ని తీసుకుపోయింది. నేడీన్‌కి కావలసింది ఆ పన్నొక్కటే. క్లైడ్ ఈ వారం ఇల్లు ఖాళీ చేసి ఓక్లహోమాలో అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. సామానంతా ఎక్కించిన బండి బయటే ఉంది. అంటే ఇదే ఆఖరి గురువారం.

ఓడెల్ తలా రెండు ముక్కలు పంచాడు. నేడీన్ అంచులు కాస్త ఎత్తి చూసింది. ఇస్పేటు రాజు, ఆఠీను రాజు.

పందెం పెంచితే? ఆమె పెంచిందంటే చేతిలో పెద్ద ముక్కలున్నట్టేనని గదిలో ప్రతివాడికీ తెలుసు. అందరూ చేతులెత్తేస్తారు. నాలుగు బిళ్ళలు ఆమెకి, పన్ను క్లైడ్‌కి. పెంచకుండా ఊరుకుంటే అందరూ లోపలికొస్తారు. అంతమందిలో ఏ ఒక్కడి దగ్గర ఆసు ఉండి, మధ్యలో అందరికీ ఉమ్మడిగా తెరిచే అయిదు ముక్కల్లో ఇంకో ఆసు పడినా రాజుల పని సరి.

వెర్లిన్ ఎప్పుడూ పెంచేవాడు కాదు. పక్కన కూర్చుని ఆట చూసి, ఇంటికెళ్ళే దారంతా ఆమె దులిపేసేది. "రాజులొస్తే పెంచి జనాన్ని బయటికి తోలాలయ్యా! ఊరందర్నీ భోజనానికి పిలిచినట్టు పిలుస్తావేం?" అనేది. అతను రేడియో తగ్గించి, తిట్లన్నీ శ్రద్ధగా విని, ఇంటి ముందు బండి ఆపుతూ, "మంచి ఆట, నేడీన్," అనేవాడు. ఆ మాటకి ఆమెకి ఇంకా మండేది. ఇప్పుడు ఆ మంటకి కూడా మొహం వాచిపోయింది.

నేడీన్ పందెం పెంచలేదు. అందరితో సమానంగా ఒక బిళ్ళ వేసింది. వేస్తూ వేస్తూ, ఎలా వచ్చిందో తెలీదు, నోట్లోంచి మొగుడి మాట ఊడిపడింది.

"తలుపు తీసే ఉంది. రండి, రండి."

ఓడెల్ కాఫీ కప్పు కింద పెట్టి బిళ్ళ వేశాడు. పక్కవాడూ వేశాడు. అందరూ వచ్చారు. చివరగా క్లైడ్ మీసం గోక్కున్నాడు, తన ముందున్న బిళ్ళలన్నీ రెండు చేతులతో మధ్యకి తోసేశాడు.

మిగతావాళ్ళు ముక్కలు పడేశారు. నేడీన్ అంతకంత లెక్కపెట్టి వేసి, రాజుల్ని తిప్పింది. క్లైడ్ కూడా తిప్పాడు. ఏడు, రెండు. పసిపిల్లలు కూడా అవతల పారేసే ముక్కలు.

మధ్యలో అయిదు ముక్కలూ తెరిచారు. ఆసు కూడా పడింది. ఎవరికీ పనికిరాలేదు, రాజులే గెలిచాయి.

"నీకు మతిపోయిందా క్లైడ్? ఏడు, రెండు పెట్టుకుని ఉన్నదంతా తోస్తావా?" అంది నేడీన్.

"నీ దగ్గర రాజులున్నాయని తెలుసుగా," అన్నాడు క్లైడ్ తాపీగా.

"ఎలా తెలుసు?"

ఓడెల్ నవ్వాడు. "తలుపు తీసే ఉందన్నావు కదా తల్లీ. రాజులొస్తే తప్ప వెర్లిన్ నోట ఆ మాట వచ్చేది కాదు. ఇక్కడ తెలియనిదెవరికి?"

"తెలిసి కూడా వచ్చేవాళ్ళా? అన్నేళ్ళూ?"

"వాడంత సంబరంగా పిలుస్తుంటే బయటెవడు కూర్చుంటాడు?" అన్నాడు క్లైడ్. "ఒక్కోసారి మేమే వాణ్ణి కొట్టేసేవాళ్ళం. అప్పుడు వాడు ఇంకా పగలబడి నవ్వేవాడు."

"మీకు తెలుసని ఆయనకి తెలుసా?" అంది నేడీన్.

"తెలియకేం!"

క్లైడ్ ఉక్కు పన్నుని ఆమె ముందుకి జరిపాడు. ఆమె ముట్టుకోలేదు. "ఇది దానమైతే నాకొద్దు," అంది.

"దానమేంటి? పిలిచావు, వచ్చాను, ఓడిపోయాను. తీసుకో ముందు. నాకు చీకటి పడకముందే బయల్దేరాలి."

వెర్లిన్ బండి ఇప్పుడు ఆమే నడుపుతోంది. పన్నుని అద్దం ముందు పెట్టింది. తలలూపే చమురు పంపులు దాటి బండి రోడ్డెక్కింది. ఎప్పుడూ ఆమె తిట్లు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. అలవాటుగా నోరు తెరిచింది, కానీ తిట్టడానికి ఒక్క ముక్కా దొరకలేదు. మొగుణ్ణి చేతగానివాడనుకుని అన్నేళ్ళు తిట్టినందుకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇంటిదాకా నడిపింది.

ఇంటి ముందు బండి ఆపి, పక్క సీటు వైపు తిరిగింది.

"మంచి ఆట, వెర్లిన్," అంది.